కుక్కపిల్ల చదువు సంక్రాంతి నుంచి ఉగాది దాకా

చిత్తకార్తె వెళ్లిన రెండు నెలలకు వీధి చివర తూముల్లోనూ, గడ్డివాముల పక్కనా కుక్కపిల్లల కూతలు వినిపించడం మన ఊళ్లలో ఏటా ఉన్నదే. కుక్క గర్భకాలం సుమారు 63 రోజులు. అక్టోబరులో జతకట్టిన కుక్క ధనుర్మాసంలో ఈనుతుంది. సంక్రాంతి సెలవుల్లో పిల్లలు ఒకదాన్ని చంకన పెట్టుకుని ఇంటికి తెస్తారు. అమ్మ కేకలేస్తుంది, నాన్న చూసీ చూడనట్లు ఊరుకుంటాడు, కుక్క ఉండిపోతుంది.

ఏడాది తిరిగేసరికి అదే కుక్క గేటు దగ్గర గొలుసుకు కట్టి ఉంటుంది. పాలవాడు వస్తే మీదికి దూకుతుంది. పక్కింటి పిల్లవాణ్ణి కరిచిన రోజున ఇంటివారు ‘‘పొగరెక్కింది’’ అని తేల్చి, గోనెసంచిలో వేసి ఊరి బయట వదిలి వస్తారు. శాస్త్రజ్ఞులు చెప్పేది వేరు. ఇలాంటి కుక్కల్లో చాలావాటికి ఉన్నది పొగరు కాదు, భయం. ఆ భయానికి బీజం పడేది తొలి మూడు నెలల్లోనే.

అమెరికాలోని బార్ హార్బరులో జాక్సన్ లేబొరేటరీ అనే పరిశోధనాలయం ఉంది. అక్కడ చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 1961లో వెలువడ్డాయి. ఎత్తయిన కంచె కట్టిన మైదానంలో, మనిషి కంటపడకుండా కుక్కపిల్లలను పెంచారు. తిండి కూడా కంచె సందులోంచే. వాటిలో కొన్నిటిని రెండో వారంలో, కొన్నిటిని మూడు, ఐదు, ఏడు, తొమ్మిదో వారాల్లో వారం రోజులపాటు బయటికి తెచ్చి మనుషుల మధ్య ఉంచారు. కొన్నిటిని 14 వారాలు నిండేవరకు ముట్టుకోలేదు. ఈ చివరి పిల్లలు అడవి జంతువుల్లా తయారయ్యాయి. తరువాత ఎంత బుజ్జగించినా మనిషి దగ్గరకు రాలేదు. అదే పరిశోధనాలయానికి చెందిన జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్‌లు ఐదు జాతుల కుక్కలను ఏళ్ల తరబడి పరిశీలించి 1965లో గ్రంథం ప్రచురించారు. మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం దాకా కుక్కపిల్ల మనసు తలుపులు తెరచి ఉంటాయన్నది అందులోని సారం.

మన లెక్కలో అది ఇంచుమించు సంక్రాంతి నుంచి ఉగాది దాకా. ఆ రోజుల్లో గొడుగు, సైకిలు, గడ్డం తాత, ఏడ్చే పసిపాప, ప్రెషర్ కుక్కర్ కూత, అన్నీ దానికి మెల్లగా పరిచయం కావాలి. అలాగని కళ్లు తెరవగానే తల్లి నుంచి లాక్కురావడమూ తప్పే. ఇటలీలో 140 కుక్కలను పోల్చి చూసి 2011లో ప్రచురించిన వివరాల ప్రకారం, 30-40 రోజులకే తల్లిని విడిచిన వాటిలో భయం, అతిగా మొరగడం వంటి లక్షణాలు, రెండు నెలలు తల్లి దగ్గరున్న వాటికన్నా ఎక్కువ. తూములో ఉన్న పిల్లను రోజూ పలకరిస్తూ, ఎనిమిది వారాలు నిండాక తెచ్చుకోవడం మేలు.

టీకాలన్నీ పూర్తయ్యేదాకా గడప దాటనివ్వకూడదని పెద్దలంటారు. పార్వో జబ్బు భయం నిజమైనదే. అయితే పశువైద్యుల్లో ప్రవర్తన నిపుణుల అమెరికా సంఘం 2008లో వేరేగా చెప్పింది. మొదటి టీకా పడి వారమైన తరువాత, ఏడెనిమిది వారాల నుంచే పిల్లకు లోకాన్ని చూపించవచ్చునన్నది. మురికి నేల మీద దించకుండా చంకన వేసుకుని బజారుకు తీసుకువెళితే రెండు విధాలా మంచిది. మూడు నెలలకు రేబిస్ టీకా మాత్రం మరువరాదు.

దెబ్బ ఏం నేర్పుతుంది?

నడవలో తడి చేసిన పిల్ల ముక్కును అందులోనే రుద్దడం చాలా ఇళ్లలో చూస్తాం. పాపం, అది నేర్చుకునేది యజమాని చెయ్యంటే భయమొక్కటే. బ్రిటన్‌లో 364 మంది యజమానులను ప్రశ్నించి 2004లో ప్రచురించిన సర్వేలో, బహుమానంతో నేర్పినవారి కుక్కలే మాట ఎక్కువగా విన్నాయి. దండన తిన్నవాటిలో తగాదాలెక్కువ. దెబ్బల వల్ల చెడ్డాయో, చెడ్డవి కనుక దెబ్బలు తిన్నాయో ఈ లెక్క ఒక్కటే తేల్చదనుకోండి. పోర్చుగల్‌లో 92 కుక్కలపై 2020లో వెలువడిన అధ్యయనం ఇంకొంచెం లోతుకు వెళ్లింది. దండనతో నేర్పే బడుల్లోని కుక్కల లాలాజలంలో పాఠం తరువాత ఆందోళనను సూచించే కార్టిసాల్ పెరిగింది. తిండి ఉందో లేదో తెలియని గిన్నెను ముందుంచితే అవి వెనుకాడుతూ వెళ్లాయి.

నిద్ర లేవగానే, తిండి తినగానే పిల్లను పెరట్లోకి తీసుకుపోవాలి. పని అక్కడ కానిచ్చిన మరుక్షణం మెచ్చుకుని ఉడికించిన మాంసం ముక్కో, గుడ్డు ముక్కో పెట్టాలి. కాసేపాగి పెడితే ఎందుకు పెట్టారో దానికి తెలియదు. ఉల్లిపాయ, ఎండుద్రాక్ష, చాక్లెట్ విషం, పెట్టరాదు. టిక్కుమనే క్లిక్కర్ లేదని చింత అక్కర్లేదు. ఇటలీలో పోల్చి చూస్తే, నోటిమాటతో నేర్పినా ఫలితం ఒక్కటేనని 2016లో తేలింది. పొద్దస్తమానం రుద్దడమూ వృథా. డెన్మార్క్‌లో 44 బీగిల్ కుక్కలకు బుట్టలోకి వెళ్లి కూర్చోవడం నేర్పితే, రోజూ పాఠం విన్నవాటికన్నా వారానికి ఒకటి రెండుసార్లు విన్నవే, పాఠాల లెక్కన చూస్తే, బాగా నేర్చాయి.

ఇవన్నీ జాతి కుక్కల కబుర్లు గదా అనవచ్చు. కోల్‌కతా ఐసర్‌లో అనిందితా భద్ర బృందం వీధికుక్కలనే పరిశీలించింది. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం, పసిపిల్లలు మనిషి వేలు చూపిన గిన్నె దగ్గరకే వెళ్లాయి. పెద్ద కుక్కలు మాత్రం ఒకసారి మోసపోతే ఆ వేలిని మళ్లీ నమ్మడానికి తటపటాయించాయి. అదే ఏడాది మరో ప్రయోగంలో, తిండి పెట్టిన కొత్తవారికన్నా తల నిమిరిన కొత్తవారినే వీధికుక్కలు ఎక్కువగా నమ్మాయి.