కార్న్ అంటే ఏ గింజ?

గోదావరి జిల్లాల్లో రైతు ‘ధాన్యం అమ్మేశాను’ అంటే ఏ ధాన్యమని ఎవరూ అడగరు. వడ్లే. నిఘంటువు తీస్తే జొన్నలు, రాగులు, గోధుమలు అన్నీ ధాన్యాలే. నవధాన్యాల్లో పెసలకూ నువ్వులకూ కూడా చోటుంది. అయినా ‘ధాన్యం కొనుగోలు కేంద్రం’ అని బోర్డు కడితే అక్కడికి వచ్చేవి వడ్ల బస్తాలే. ఏ నేల ఏది తిని బతుకుతుందో ఆ గింజకే పెద్ద పేరు దక్కుతుంది.

ఇంగ్లిషు ‘కార్న్’ నడిచిన దారీ ఇదే. మొదట్లో ఆ మాటకు అర్థం గింజ, ఏ గింజైనా సరే. ఇంగ్లండులో అది గోధుమ అయింది, స్కాట్లండులో ఓట్స్ అయింది. 1611 నాటి ఇంగ్లిషు బైబిల్లో కరువు వేళ యాకోబు కొడుకులు ఐగుప్తు వెళ్లి కొన్నది కార్నే. మన బైబిల్లో అది ధాన్యం. 1815 నుంచి 1846 దాకా బ్రిటన్‌ను కుదిపిన కార్న్ చట్టాల గొడవంతా ముఖ్యంగా గోధుమల ధర గురించే. కార్న్డ్ బీఫ్‌లోనూ మొక్కజొన్న ఉండదు. గింజల్లాంటి కల్లుప్పుతో ఊరబెట్టిన మాంసం కనుక ఆ పేరు. కాలికి కాసే ‘కార్న్’, అంటే ఆనెకాయ, మాత్రం వేరే వంశం: కొమ్ము అనే అర్థమున్న లాటిన్ ‘కోర్ను’ నుంచి వచ్చింది.

అమెరికాలో దిగిన ఇంగ్లిషువాళ్లు అక్కడి గింజను ‘ఇండియన్ కార్న్’ అన్నారు. కాలక్రమంలో ఇండియన్ రాలిపోయి కార్న్ మిగిలింది. కరీబియన్ దీవుల టైనో ప్రజలు దాన్ని ‘మహీజ్’ అనేవారు. మెయిజ్ అనే మాట అక్కడి నుంచి వచ్చిందే. మిగతా లోకం మాత్రం ఎవరికి తోచిన పేరు వారు పెట్టుకుంది. ఇటలీ వాళ్లకు అది టర్కీ గింజ. టర్కీ వాళ్లకు ‘మిసిర్’, అంటే ఈజిప్టు. మనం ఇంట్లో ఉన్న జొన్న పేరే ఇచ్చి మొక్కజొన్న అన్నాం. తమిళులు మక్కాచోళం అన్నారు. కన్నడిగులు ‘ముసుకిన జోళ’ అన్నారు, ముసుగు వేసుకున్న జొన్న. పొత్తు చుట్టూ ఉన్న పొరలను చూసి పెట్టిన ఆ పేరంటే నాకు ఎంతో ఇష్టం.

పేరు కుదిరినంత సులువుగా వంట కుదరలేదు. మెక్సికోలో మొక్కజొన్నను సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిస్తారు. తెల్లారాక వేళ్ల మధ్య నలిపితే పైపొట్టు జారిపోతుంది. కడిగిన గింజలను సన్నికల్లు లాంటి రాయి మీద ముద్దగా నూరి, రొట్టెలు కాలుస్తారు. అలా సున్నపు నీళ్లలో ఉడికి నానిన గింజలను నిష్టమాల్ అంటారు. మామూలుగా మన ఒంటికి అందకుండా గింజలో చిక్కుకుని ఉండే నియాసిన్ అనే విటమిన్‌ను ఆ సున్నమే విడిపిస్తుంది.

యూరప్‌కు గింజ వెళ్లింది, సున్నం వెళ్లలేదు. మొక్కజొన్నే ప్రధాన తిండి అయిన పేదల ఒంటి మీద ఎండ తగిలినచోటల్లా చర్మం ఎర్రబడి, నల్లబడి, పెచ్చులూడింది. విరేచనాలు, మతి చలించడం, చివరికి మరణం. 1735లో స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కసాల్ ఈ జబ్బును నమోదు చేశాడు. ఇటలీలో దానికి పెల్లాగ్రా, అంటే గరుకు చర్మం, అని పేరొచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణాదిలో వేలమంది దీనితో పోయారు. చాలామంది ఇది అంటువ్యాధి అనుకుంటుంటే, 1914లో రంగంలోకి దిగిన వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ లోపం తిండిలో ఉందని నిరూపించాడు. నియాసిన్‌తో ఇది నయమవుతుందని 1937లో తేలింది. పొరుగునే ఉన్న మెక్సికో వంటింట్లో మందు అన్ని శతాబ్దాలూ ఉంది. పొలం చూసి విత్తనం పట్టుకెళ్లిన వాళ్లు పొయ్యి దగ్గర కూర్చుని వంట నేర్చుకోలేదు. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే.

ఈ జబ్బు మన దాకా కూడా వచ్చింది. అయితే మొక్కజొన్నతో కాదు, అది పేరు తీసుకున్న జొన్నతో. దక్కన్‌లో జొన్న తప్ప వేరే తిండి అందని పేదల్లో పెల్లాగ్రా కనిపించింది. హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధనశాలలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య దాని వెంటపడ్డారు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లమే ఇందుకు కారణమై ఉండొచ్చని 1960లో ‘లాన్సెట్’ పత్రికలో రాశారు. రెండు జొన్నల్లోనూ ల్యూసిన్ ఎక్కువే.