మార్పు మొదలయ్యేది సరుకుల చీటీలో

తెలుగు ఇంటి భోజనంలో ప్రతి ఆదరువూ అన్నంలోనే కలుస్తుంది. పప్పన్నం, కూరన్నం, పులుసన్నం, చారన్నం, చివర పెరుగన్నం. రకాలు పెరిగితే కూరగాయలు పెరగాలి. ఇక్కడ పెరిగేది అన్నం, ఎందుకంటే ఒక్కో రకానికి ఒక్కో మారు వడ్డన ఉంటుంది. ఉదయం తినే ఇడ్లీ, దోశల్లోనూ ఎక్కువ పాలు బియ్యమే. సాయంత్రం అటుకులు, మరమరాలు తిన్నా అదే ధాన్యం. తిండి అలవాట్లు మార్చుకోవాలనుకునే తెలుగువారి చూపు ముందుగా నూనె మీదికీ స్వీట్ల మీదికీ పోతుంది. అసలు చిక్కు మాత్రం ఈ వడ్డన పద్ధతిలో ఉంది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2,000 కేలరీలు అవసరమయ్యే వ్యక్తికి ఆ సంస్థ చెప్పిన లెక్క ఇది: బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100, పప్పుదినుసులు లేదా వాటికి బదులు గుడ్డు, మాంసం 85, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. మొత్తం కేలరీల్లో ధాన్యం వాటా 45 శాతం దాటకూడదని సూచించింది. భారతీయుల తిండిలో ప్రస్తుతం ఆ వాటా 50 నుంచి 70 శాతం దాకా ఉంది.

గ్రాముల్లో చెప్పే సలహా వంటింట్లో నిలవదు. పొయ్యి ముందు నిలబడి ఎవరూ తూకం వేయరు. అదే లెక్కను నలుగురు పెద్దవాళ్లున్న ఇంటి నెలవారీ సరుకుల చీటీలోకి మారిస్తే విషయం తేటపడుతుంది. ధాన్యం 30 కిలోలు, పప్పుదినుసులు 10 కిలోలు, కూరగాయలు 48 కిలోలు, పండ్లు 12 కిలోలు, నూనె మూడున్నర లీటర్లు. మాంసం తినే ఇల్లయితే పప్పులో కొంత తగ్గుతుంది. పొలం పనులు, కూలి పనులు చేసేవారికి అన్నీ ఇంతకంటే ఎక్కువే కావాలి. 25 కిలోల బియ్యం బస్తా ఒకటి ఇంటికొచ్చి, దాని వెంట గోధుమపిండి, బొంబాయి రవ్వ, ఇడ్లీ రవ్వ, సేమియా కలిస్తే ధాన్యం లెక్క ఎప్పుడో నిండిపోతుంది. ఆ పక్కన కందిపప్పు రెండు కిలోలే ఉండి, రోజుకు అరకిలో బెండకాయలతో నలుగురి కూర గడుస్తుంటే లోటు ఎక్కడుందో వెతకనక్కర్లేదు.

తెల్ల బియ్యం మీద అతిగా ఆధారపడి తెలుగు జిల్లాలు ఇదివరకే ఒకసారి దెబ్బతిన్నాయి. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే నేటి కోస్తాంధ్ర, బెరిబెరి అనే జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతంగా వైద్య గ్రంథాలకెక్కాయి. మిల్లులో పాలిష్ పట్టిన పచ్చి బియ్యంలో తవుడుతో పాటు బి1 విటమిన్ కూడా పోవడం అందుకు కారణం. వడ్లను ఉడకబెట్టి దంచే ఉప్పుడు బియ్యంలో ఆ విటమిన్ గింజలోకి ఇంకుతుంది కాబట్టి, వాటిని తినే ప్రాంతాల్లో ఆ జబ్బు అంతగా కనిపించలేదు. 1918లో బెరిబెరి మీద పరిశోధనకు వైద్యుడు రాబర్ట్ మెకారిసన్ తమిళనాడులోని కూనూరులో మొదలుపెట్టిన చిన్న కేంద్రమే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. బెరిబెరి పోయింది. పాలిష్ బియ్యం మీద మోజు పోలేదు.

ఇప్పటి జబ్బులు వేరు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సహకారంతో దేశవ్యాప్తంగా సాగి, 2023లో వెలువడిన ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని ముంగిట ఉన్నారు. సన్నగా ఉన్నామని ధీమాగా ఉండటానికీ లేదు. పుణెకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో వేసి ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. భారతీయుల ఒంట్లో కండ తక్కువ, పొట్టలో కొవ్వు ఎక్కువ అని చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ అక్కర్లేదు. అందుకే ఇక్కడ బీఎంఐ 23 దాటితే చాలు, అధిక బరువుగా లెక్క. దానికంటే నమ్మదగిన కొలత నడుము చుట్టుకొలత. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్త పడాలి.

అలవాట్లు మార్చుకుంటే మధుమేహం నిజంగా ఆగుతుందా అన్న ప్రశ్నకు నాలుగు దేశాలు జవాబు చెప్పాయి. చైనాలోని దాచింగ్ నగరంలో 1986లో మధుమేహం ముంగిట ఉన్న 577 మందితో మొదలైన పరిశీలన 30 ఏళ్ల పాటు సాగి, మార్పు ఫలితం దశాబ్దాల తర్వాత కూడా నిలిచిందని తేల్చింది. ఫిన్లాండ్ 2001లో, అమెరికా 2002లో వెలువరించిన ఫలితాల్లో తిండి, వ్యాయామాలను సవరించుకున్నవారికి ముప్పు 58 శాతం తగ్గింది. తెలుగువారికి దగ్గరి ఉదాహరణ చెన్నైది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం అలాగే మధుమేహం ముంగిట ఉన్న 531 మందిని మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. ప్రత్యేక జాగ్రత్తలేవీ చెప్పని వారిలో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది. అలవాట్లు మార్చుకున్నవారిలో అది 39.3 శాతానికి దిగింది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చినవారిలోనూ తగ్గుదల దాదాపు అంతే. రెండూ కలిపి చేసినా అదనపు లాభం కనబడలేదు. పాశ్చాత్య దేశాలంత పెద్ద ఫలితం ఇక్కడ రాలేదన్న మాట నిజమే. మాత్రతో సమానంగా నడక, తిండి పనిచేశాయన్నదీ నిజమే.

వడ్డనలో సవరణ

అన్నం పూర్తిగా మానేయాలని చెప్పే సలహా తెలుగు ఇంట్లో నెల దాటి నిలవదు. వడ్డన మార్చడం తేలిక. అన్నం ఒక్కసారే పెట్టుకుని, ఆ ముద్దనే అన్ని ఆదరువులకూ పంచుకోవడం మొదటి మెట్టు. కూరలో సగాన్ని అన్నం లేకుండా ముందే తినేయడం రెండోది. కూరగాయలు, పప్పు లేదా గుడ్డు ముందు తిని, పిండిపదార్థం చివర తింటే భోజనం తర్వాత రక్తంలో చక్కెర తక్కువగా పెరుగుతుందని చిన్న అధ్యయనాలు చూపించాయి. చారు గ్లాసులో తాగవచ్చు. పెరుగన్నం బదులు మజ్జిగతో ముగించవచ్చు. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పులో సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి. రోజంతటికీ ఒక మనిషికి చాలిన ధాన్యంలో అది సగం కంటే ఎక్కువ. కుక్కర్‌లో పోసే కప్పుల్లో ఒకటి తగ్గిస్తే కంచం దగ్గర ఎవరూ ఎవరితోనూ వాదించాల్సిన పని ఉండదు.

తగ్గిన చోటును కూరగాయలతో, పప్పుతో నింపాలి, లేకపోతే గంటలో ఆకలేసి బిస్కెట్ల డబ్బా తెరుచుకుంటుంది. దీనికి కొత్త వంటలేవీ నేర్చుకోనక్కర్లేదు. పెసరపప్పు వేసిన పొడికూర, ఆవ పెట్టిన కూర, పాలు పోసి వండిన సొరకాయ, తోటకూర పులుసు, గోంగూర పప్పు, పెసరట్టు, ఉడికించి తాలింపు పెట్టిన శనగలు అన్నీ తెలుగు వంటింటివే. వాటిని పక్కకు నెట్టింది వేపుడు. బంగాళదుంపను పై లెక్కలోని 400 గ్రాముల కూరగాయల్లో చేర్చరని కూడా గుర్తుంచుకోవాలి.

చిరుధాన్యాల మోజు గురించి ఒక మాట. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలు సూపర్ మార్కెట్ల అరల్లోకి ఎక్కాయి. తెలంగాణ జొన్న రొట్టె, రాయలసీమ రాగి సంకటి వాటికంటే చవక, ఎప్పటినుంచో తింటున్నవే. వీటిలో పీచు, ఖనిజ లవణాలు ఎక్కువ. అంతమాత్రాన కొలత లేకుండా తినవచ్చని కాదు. మెత్తగా పిండి చేసి బెల్లంతో కాచిన రాగి మాల్ట్ చక్కెరను పెంచుతూనే ఉంటుంది. కొర్రన్నం రెండు కంచాలు తినేవారి కంటే, ఒక కప్పు తెల్లన్నం, రెండు కప్పుల కూర తినేవారే మెరుగు.

నూనె, ఉప్పు, చక్కెరలను అదుపు చేయడానికి చీటీయే సాధనం. నూనె ప్యాకెట్లు నెలకు ఎన్ని వస్తున్నాయో చూస్తే చాలు. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు మించకూడదు, అంటే నలుగురికి నెలకు 600 గ్రాములు. ఆవకాయ, మాగాయ, గోంగూర, చింతకాయ పచ్చళ్లు, అప్పడాలు, ఊరమిరపకాయలు ఈ లెక్కలోకే వస్తాయి. వేసవిలో జాడీల్లో పోసే ఉప్పును ఏడాదికి పంచి చూస్తే సంగతి తెలుస్తుంది. పచ్చడిని రోజూ కలుపుకునే ఆదరువుగా కాకుండా నంజుకునే వస్తువుగా చూడటం మేలు. చక్కెర పరిమితి రోజుకు 25 గ్రాములు. రెండేసి చెంచాల చక్కెరతో మూడు కప్పుల టీ తాగేసరికి అది పూర్తవుతుంది. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీలు వద్దని కూడా మార్గదర్శకాలు చెబుతున్నాయి, ఎందుకంటే వాటిలోని టానిన్లు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళలు రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది కాబట్టి ఇది చిన్న విషయమేమీ కాదు.

నడక ఒక్కటే చాలదు

కదలికకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని మొదట బయటపెట్టినవి లండన్ డబుల్ డెక్కర్ బస్సులు. కూర్చుని బస్సు నడిపే డ్రైవర్ల కంటే రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువని బ్రిటిష్ వైద్య పరిశోధకుడు జెరీ మోరిస్ 1953లో చూపించారు. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది వారానికి 150 నుంచి 300 నిమిషాల చురుకైన నడక వంటి వ్యాయామం. దానితో పాటు వారానికి రెండు రోజులైనా కండకు బలమిచ్చే కసరత్తు కావాలి. ఈ రెండో భాగాన్ని తెలుగు వాకర్లలో చాలామంది వదిలేస్తారు. కండ తక్కువగా ఉన్న భారతీయులకు అసలు కావలసింది అదే. భోజనం తర్వాత రక్తంలోని గ్లూకోజులో పెద్ద వాటాను తీసుకునేది కండరమే. దీనికి జిమ్ తప్పనిసరి కాదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, మెట్లెక్కడం ఆరంభానికి సరిపోతాయి.

పదివేల అడుగుల లెక్క 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరుతో పుట్టింది, వైద్యులు పెట్టింది కాదు. 15 అధ్యయనాలను కలిపి 2022లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రిక ప్రచురించిన విశ్లేషణ ప్రకారం 60 ఏళ్లు దాటినవారికి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల దగ్గరే మేలు నిలకడకు వస్తుంది. ఎప్పుడు నడుస్తారన్నదీ ముఖ్యమే. 60 దాటిన పదిమందితో అమెరికాలో జరిగిన ఒక పరిశీలనలో ప్రతి భోజనం తర్వాత 15 నిమిషాల నడక, ఉదయం ఏకబిగిన నడిచే 45 నిమిషాల నడకతో సమానంగా చక్కెరను అదుపు చేసింది. రాత్రి భోజనం తర్వాతి చక్కెర విషయంలో అంతకంటే బాగా పనిచేసింది. రాత్రి తొమ్మిదిన్నరకు తిని వెంటనే పడుకునే ఇళ్లలో మార్చాల్సిన మొదటి అలవాటు ఇదే కావచ్చు.

ఉదయం పార్కులో నడిచి, బయటికి రాగానే టిఫిన్ బండి దగ్గర గారెలు తినేవారు కోకొల్లలు. అరగంట నడకకు ఖర్చయ్యేది 150 కేలరీల లోపే. రెండు గారెలు దాన్ని దాటేస్తాయి. తిండి మార్చకుండా నడకతోనే బరువు తగ్గాలనుకుంటే నిరాశే మిగులుతుంది. బరువు తగ్గకపోయినా రక్తపోటుకూ నిద్రకూ గుండెకూ నడక మేలు చేస్తుందన్నది వేరే సంగతి. ఇంటి పనితోనే వ్యాయామం సరిపోతుందని ఆడవారికి చెప్పడం కూడా సరికాదు. గంటల తరబడి పొయ్యి ముందు నిలబడితే అలసట వస్తుంది కానీ గుండె వేగం పెరగదు. ఆ అరగంట ఇంటి బాధ్యతను మిగతావారు తీసుకోవాలి.

21 రోజుల్లో అలవాటు పడుతుందన్న ప్రచారానికి ఆధారం లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2010లో వెల్లడించిన ఫలితాల్లో, ఒక పని అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి కొందరికి 18 రోజులు పడితే, కొందరికి 254 రోజులు పట్టేలా ఉందని తేలింది. మధ్యస్థంగా చూస్తే 66 రోజులు. మధ్యలో ఒక రోజు తప్పినా నష్టం లేదని కూడా తేలింది. కాబట్టి పండగకు బొబ్బట్లు తిన్నందుకు మొత్తం ప్రయత్నం మానేయనక్కర్లేదు.

మధుమేహానికి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవారు అన్నం బాగా తగ్గించే ముందు వైద్యుణ్ని అడగాలి. మందు మోతాదు అలాగే ఉంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పొటాషియం కలిసే లో సోడియం ఉప్పు, ఎక్కువ పప్పు తమంతట తాము మొదలుపెట్టకూడదు. నడుస్తుంటే ఛాతీలో నొప్పి, బరువు అనిపిస్తే ఆగి, వైద్యుణ్ని చూడాలి. మిగతావారు ఈ నెల చీటీ రాసేముందు నడుము కొలిచి, హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకుని ఆ అంకెలు రాసిపెట్టుకోవాలి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే మధుమేహం ముంగిట ఉన్నట్టు. ఆ పరీక్ష గడిచిన రెండు మూడు నెలల చక్కెర సగటును చూపుతుంది కాబట్టి, మళ్లీ చేయించుకోవడానికి మూడు నెలలు ఆగాలి.