బీమా లేని నెలలకు జరిమానా

అమెరికాలో ఉద్యోగం పోగానే మనవాళ్లు ముందు వీసా గడువు లెక్కపెట్టుకుంటారు. ఆరోగ్య బీమా సంగతి కొత్త ఉద్యోగం వచ్చాక చూద్దామనుకుంటారు. బీమా లేనివాళ్ల మీద జరిమానా ట్రంప్ హయాంలోనే పోయిందన్న ధీమా దీనికి తోడు. అది సగమే నిజం.

2010లో ఒబామా సంతకం చేసిన చట్టం, జబ్బు ఉందన్న సాకుతో బీమా కంపెనీలు ఎవరినీ కాదనకూడదంది. మరి ఒంట్లో బాగున్నన్నాళ్లూ ఊరుకుని, జబ్బు చేశాక పాలసీ కొంటే ఆ భారం ప్రీమియం కడుతున్నవాళ్ల నెత్తిన పడుతుంది. అందుకే 2014 నుంచి బీమా తప్పనిసరి చేసి, లేనివాళ్లు పన్ను రిటర్నుతో పాటు జరిమానా కట్టాలన్నారు. 2012లోనే సుప్రీంకోర్టు దాన్ని ఒక రకం పన్నుగా భావించి 5-4 తీర్పుతో నిలబెట్టింది. 2017 చివర్లో వచ్చిన పన్నుల చట్టం ఆ మొత్తాన్ని 2019 నుంచి సున్నా చేసింది.

ఫెడరల్ ప్రభుత్వం వదిలేసినా కొన్ని రాష్ట్రాలు వదల్లేదు. మసాచుసెట్స్‌కు అంతకుముందు నుంచే సొంత చట్టం ఉంది. న్యూజెర్సీ, వాషింగ్టన్ డీసీ 2019 నుంచి, కాలిఫోర్నియా, రోడ్ ఐలాండ్ 2020 నుంచి జరిమానా వేస్తున్నాయి. టెక్సస్‌లోని డాలస్‌లో ఉన్న బావగారికి ఏమీ పడలేదు కదా అని న్యూజెర్సీ ఎడిసన్‌లోనో కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లోనో ఉన్నవాళ్లు నిబ్బరంగా ఉంటే కుదరదు.

కాలిఫోర్నియా లెక్కే చూద్దాం. 2023 సంవత్సరానికి పెద్దవాళ్లకు తలా 900 డాలర్లు, పిల్లలకు 450. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలైతే ఏడాదికి 2,700. ఇంకో లెక్క, రిటర్ను వేయాల్సిన కనీస పరిమితికి పైనున్న ఆదాయంలో రెండున్నర శాతం. ఆ పైమొత్తం 1,20,000 డాలర్లయితే 3,000. రెండింటిలో ఎక్కువదే వర్తిస్తుంది. అయిదు నెలలు బీమా లేకపోతే పన్నెండింట అయిదు వంతులు, అంటే 1,250 డాలర్లు.

ఇక మినహాయింపులు. వరసగా మూడు నెలలు మించని ఖాళీకి కాలిఫోర్నియా జరిమానా వేయదు. నాలుగో నెల కూడా ఖాళీగా పోతే మొదటి మూడు నెలలకూ మాఫీ ఉండదు. నెలలో ఒక్కరోజు బీమా ఉన్నా ఆ నెల ఉన్నట్టే. ఆదాయం మరీ తక్కువైనా, దొరికే పాలసీ స్తోమతకు మించినదైనా మినహాయింపు అడగొచ్చు. రిటర్నుతో పాటు 3853 ఫారంలో అడగాలి. తీవ్రమైన కష్టం వచ్చిందన్న కారణమైతే ముందుగా రాష్ట్ర బీమా మార్కెట్ అయిన కవర్డ్ కాలిఫోర్నియాకు దరఖాస్తు చేయాలి. అడిగితేనే ఇస్తామనడం నాకు నచ్చదు. ఉద్యోగం పోయినవాడికి ఫారాలు వెతుక్కునే స్థిమితం ఎక్కడుంటుంది?

ప్రయాణ బీమా, కొన్నాళ్లకని తీసుకునే తాత్కాలిక పాలసీ ఈ చట్టాల కింద లెక్కకు రావు. పాత కంపెనీ బీమాను సొంత ఖర్చుతో కొనసాగించే కోబ్రా మాత్రం వస్తుంది. దాన్ని ఎంచుకోవడానికి 60 రోజుల గడువు ఉంటుంది, ప్రీమియం కడితే బీమా ఆగిన రోజు నుంచే అమలవుతుంది. బీమా పోయాక రాష్ట్ర మార్కెట్‌లో కొత్త పాలసీ తీసుకోవడానికీ కాలిఫోర్నియాలో 60 రోజులే. ఉద్యోగం పోయిన వారంలోనే ఈ రెండు తేదీలూ కాగితం మీద రాసిపెట్టుకోండి.