దంతముల నీడలు

దిల్‌సుఖ్‌నగరు నుండి ఎల్.బి.నగరు వరకు పోవు రాజమార్గమున నడచువారు దీపస్తంభముల నీడలను చూచియే యుందురు. (2018లో ఆ మార్గమున మొదలైన మెట్రోరైలు స్తంభములకు నెత్తిమీద వంతెన యుండుటచే వాటి నీడ మన లెక్కకు రాదు.) మధ్యాహ్నము నీడ పొట్టి, ప్రొద్దు వాలినకొలది సాగును. సూర్యుడు సరిగా 45 డిగ్రీల ఎత్తున నున్నప్పుడే నీడ స్తంభమంత యగును. ఆ బాట ప్రక్కనున్న దంతవైద్యశాలలలో తీయు ఎక్స్-కిరణ చిత్రములును ఇట్టి నీడలే. వాటిని ఫోటోలని పిలుచుటచే ఈ సంగతి మరుగున పడుచున్నది.

రాంట్‌జెన్ ఈ కిరణములను 1895 నవంబరు 8న కనుగొనెను. 1896 జనవరిలోనే జర్మనీలో వాల్కోఫ్ తన దంతములను చిత్రించుకొనెను. అందుకు 25 నిమిషములు కదలక యుండవలసి వచ్చినది. ఇప్పుడు సెకనులో కొంత భాగము చాలును. జ్యామితి మాత్రము మారలేదు.

నోటిలోని చిక్కు ఇది. ఫిలిము (నేడు చాలచోట్ల సెన్సారు) పై కుంతకమును కొరుకు అంచువద్ద తాకినను, అంగిలి వంపుచే వేరువద్ద ఎడముగా జరుగును. రెంటి నడుమ 30 డిగ్రీల కోణమున్నదనుకొందము. పన్ను పొడవు 22 మిల్లీమీటర్లు. కిరణము ఫిలిమునకు లంబముగా పడినచో బొమ్మ 19 మిల్లీమీటర్లే. పన్నునకు లంబముగా పడినచో 25 దాటును. ఆ కోణమును సగము చేయు రేఖకు లంబముగా పడినచో సరిగా 22. పోలెండు దంతవైద్యుడు చెషిన్‌స్కి 1907లో చెప్పిన సూత్రమిదియే. 45 డిగ్రీల సూర్యుడు చేయునదియు ఇదియే: స్తంభమునకు, నేలకు నడుమగల 90 డిగ్రీలను సగము చేయు రేఖకు అతని కిరణము లంబము. విద్యార్థులు పటము గీచి సరిచూడవచ్చును.

మూడు మిల్లీమీటర్లే కదా యనరాదు. వేరులోని కాలువను శుభ్రపరచునపుడు సాగిన బొమ్మను నమ్మినచో, సూదివంటి సాధనము వేరుకొనను దాటి ఎముకలో గ్రుచ్చుకొనును. కుదిసిన బొమ్మను నమ్మినచో లోపలి కుళ్లు అట్లే మిగులును. అందుకే నేడు విద్యుత్సాధనముతో కూడ పొడవును సరిచూతురు.

ప్రక్కకోణము తప్పినచో దోషము వేరు. ఒక పన్ను నీడ ప్రక్కదానిపై పడి, సందున దాగిన పుచ్చు కనబడదు. గొట్టము గురి తప్పినచో కిరణము సోకని మూల తెల్లగా మిగులును. మరల తీయక తప్పదు. మోతాదు స్వల్పమే యైనను రోగికి రెట్టింపగును.

ఫిలిమును పన్నునకు సమాంతరముగా నిలుపు చట్రములున్నవి. అప్పుడు ఫిలిము పన్నునకు దూరమగుటచే నీడ పెద్దదగును గనుక, కిరణమూలమును సుమారు 40 సెంటీమీటర్ల దూరమునకు జరుపుదురు. పద్ధతి మేలైనదే, కాని పసిపిల్లల నోటను, అంగిలి లోతులేనివారి నోటను ఆ చట్రము ఇమడదు. అచ్చట నేటికిని 1907 నాటి సూత్రమే గతి.