పాత మియాటా ప్రాణం ఎక్కడుంది?

మజ్దా అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది స్వరాజ్ మజ్దా వ్యాను. ఆ పేరులో సగం ఇచ్చిన జపాన్ కంపెనీయే, పైకప్పు మడిచేసుకుని ఇద్దరు మాత్రమే కూర్చుని తిరిగే చిన్న కారొకటి 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో జనం ముందు పెట్టింది. అమెరికాలో దాన్ని ఎంఎక్స్-5 మియాటా అన్నారు, జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ అన్నారు. 1997 దాకా వచ్చిన ఈ తొలి తరం కార్లు నాలుగు లక్షలకు పైనే ఉంటాయి. లోపల దాగి ఉండి, మీట నొక్కితే పైకి లేచే హెడ్‌లైట్లు వాటి గుర్తు. మూడు దశాబ్దాలు దాటినా వాటిని వెతికి కొని, ఇంటి గ్యారేజీలో సొంత చేతులతో బాగుచేసుకునేవాళ్లు ఈనాటికీ తగ్గలేదు.

దీనికి బీజం పడింది 1979లో. బాబ్ హాల్ అనే అమెరికన్ ఆటోమొబైల్ విలేకరిని మజ్దా పరిశోధన విభాగం పెద్ద కెనిచీ యమమోటో అడిగాడు, మేం తర్వాత ఎలాంటి కారు చెయ్యాలని. పాత బ్రిటిష్ రోడ్‌స్టర్ లాంటి తేలికపాటి కారు చెయ్యండి, ఇప్పుడెవరూ చెయ్యడం లేదన్నాడు హాల్. లోటస్ ఎలాన్ లాంటి 1960ల నాటి కార్లు నడపడానికి ఎంత హాయో, ఆయిల్ కార్చడంలోనూ వైరింగుతో విసిగించడంలోనూ అంత పేరుమోసినవి. ఆ హాయి ఉండాలి, ఆ విసుగు ఉండకూడదు. రెండేళ్లకు హాలే మజ్దా కాలిఫోర్నియా కార్యాలయంలో చేరాడు. 1985లో ఫైబర్ గ్లాస్ బాడీతో ఒక నమూనా తయారుచేయించి శాంటా బార్బరా వీధుల్లో తిప్పారు. చూసినవాళ్లు వెంటపడి వివరాలడిగారట. హిరోషిమాలోని కంపెనీ పెద్దల సందేహాలు తీరడానికి అది బాగా పనికొచ్చింది.

గుర్రమూ రౌతూ ఒకటైపోవాలన్నది తొషిహికో హిరాయ్ నడిపిన ఇంజినీర్ల బృందం లక్ష్యం. ఇంజిన్ 1.6 లీటర్లదే, శక్తి 116 హార్స్‌పవరే. కానీ కారు బరువు సుమారు 960 కిలోలు. బానెట్ అల్యూమినియంతో చేశారు. గేర్‌బాక్సునీ వెనక డిఫరెన్షియల్‌నీ అల్యూమినియం దూలంతో కలిపేశారు, యాక్సిలరేటర్ తొక్కిన మరుక్షణం వెనక చక్రాలకు తెలిసేలా. బరువు నాలుగు మూలలా సర్దుకోవాలని బ్యాటరీని కూడా డిక్కీలోకి మార్చారు. పాత మియాటా కొనేవాళ్లకు ఈ నిర్ణయాలన్నీ ఏదో ఒక రోజు ఎదురుపడతాయి. ఆ బ్యాటరీనే చూడండి. దాని ఆవిరి బయటికి పోవడానికి కంపెనీ గొట్టాలు అమర్చింది. ఎవరైనా చవగ్గా దొరికిందని మామూలు బ్యాటరీ పెట్టి గొట్టాలు వదిలేస్తే, యాసిడ్ ఆవిరి డిక్కీ రేకును తినేస్తుంది. అందుకే తెలిసినవాళ్లు ముందు డిక్కీలో కార్పెట్ ఎత్తి చూస్తారు.

ఇంజిన్ గురించి అంత బెంగ అక్కర్లేదు. టైమింగ్ బెల్టును దాదాపు లక్ష కిలోమీటర్లకోసారి మార్చాలి. మార్చక అది తెగినా, 1.6 ఇంజిన్‌లో పిస్టన్లు వాల్వులను గుద్దుకోవు. కారు ఆగిపోతుంది, కొత్త బెల్టు వేస్తే మళ్లీ నడుస్తుంది. చాలా కార్లలో ఇదే తప్పు ఇంజిన్‌ను మింగేస్తుంది.

అసలు శత్రువు వాన నీరు. గుడ్డ టాపు మీద పడిన నీళ్లు సీట్ల వెనక ఉన్న కాలువలాంటి పట్టీలోకి జారి, అక్కణ్నుంచి రెండు పక్కలా గొట్టాల్లో దిగి, వెనక చక్రాల ముందు నేల మీద పడాలి. చెట్ల కింద నిలిపే కారైతే ఎండుటాకులూ దుమ్మూ ఆ గొట్టాల్లో పేరుకుంటాయి. దారి మూసుకుపోయిన నీళ్లు లోపలికి పొంగి కార్పెట్ తడుపుతాయి, డోరు కింద పొడవునా ఉండే ఉక్కు దూలంలోకి దిగి అక్కడే నిలిచిపోతాయి. తుప్పు లోపల్నుంచి మొదలవుతుంది. పెయింటు మీద బుడగ కనబడేసరికి లోపలి రేకు ఎప్పుడో పోయి ఉంటుంది. పైకప్పు లేని కారు ఈ దూలాల మీదే ఆధారపడుతుంది. కారు గట్టితనంలో పెద్ద భాగం వాటిదే. కోసి వెల్డింగ్ చేయించాలంటే మొత్తం కారు ఖరీదంత ఖర్చు కావచ్చు. నిగనిగలాడే కొత్త పెయింటు కన్నా, వెనక చక్రం ముందున్న మూలను గోటితో తట్టి వినడం ముఖ్యం. గొట్టాలు శుభ్రం చెయ్యడానికి మెత్తటి ప్లాస్టిక్ తీగా, ఓ చెంబెడు నీళ్లూ చాలు.

1990, 91 తొలి కార్లలో ఇంకో చిక్కుంది. క్రాంక్ షాఫ్ట్ ముక్కు పొట్టిగా ఉండడం వల్ల, బెల్టు మార్చేటప్పుడు ముందు బోల్టు సరిగా బిగించకపోతే పుల్లీ వణుకుతుంది. దాన్ని పట్టి ఉంచే చిన్న తాళపు ముక్కా, అది కూర్చునే గాడీ అరిగిపోయి కారు శక్తి పోతుంది. ఏ ఇంజినో తెలుసుకోవడానికి విప్పనక్కర్లేదు: కింది పుల్లీలో నాలుగు కంతలుంటే పొట్టి ముక్కు, ఎనిమిదుంటే తర్వాత మార్చిన పొడవాటి ముక్కు. పొట్టి ముక్కు కారును వదిలేయమని చెప్పడం అన్యాయం. బోల్టు జాగ్రత్తగా బిగించినవి ఏళ్ల తరబడి నిక్షేపంగా నడుస్తున్నాయి.

గేర్‌బాక్స్ దగ్గర ఆయిల్ మరకలు కనబడితే చాలామంది గేర్‌బాక్స్ దించాలని హడలిపోతారు. అనేకసార్లు ఆ ఆయిల్ ఇంజిన్ తలకాయ వెనక, క్యామ్ యాంగిల్ సెన్సర్ దగ్గర గట్టిపడిపోయిన రబ్బరు రింగునుంచి జారుతుంటుంది. చెయ్యి దూరని ఇరుకు చోటు కాబట్టి మోచేతులు గీసుకుంటాయి గానీ, రింగు ఖరీదు మాత్రం నామమాత్రం. రేడియేటర్ పై ప్లాస్టిక్ కూడా చూడాలి. నల్లగా ఉండాల్సింది గోధుమ రంగుకు తిరిగితే, పగిలే రోజు దగ్గరపడిందని అర్థం.

ఇక మార్పులు. మియాటాకు అమ్మే విడిభాగాలకు అంతులేదు, అక్కడే చాలామంది దారి తప్పుతారు. టర్బో పెడితే ముందు క్లచ్ జారుతుంది, తర్వాత రేడియేటర్ చాలదు, ఆ తర్వాత 1.6 కార్లలోని చిన్న డిఫరెన్షియల్ విరుగుతుంది. 1994లో 1.8 ఇంజిన్‌తో పాటు వచ్చిన పెద్ద డిఫరెన్షియల్‌ను తెచ్చి వేద్దామంటే, దానితోపాటు షాఫ్టులూ మార్చాలి. ఫోర్డ్, షెవర్లే వి8 ఇంజిన్లు ఇరికించినవాళ్లూ ఉన్నారు. ఆ పనితనం మెచ్చుకోదగ్గదే, కానీ ముందు భాగం బరువెక్కిన కారు హిరాయ్ బృందం కోరుకున్న కారు కాదు. ముప్ఫై ఏళ్లకు గట్టిపడ్డ సస్పెన్షన్ రబ్బరు బుష్‌లకూ, అలిసిపోయిన షాక్ అబ్జార్బర్లకూ బదులు కొత్తవి, మంచి టైర్లు, సరైన వీల్ అలైన్‌మెంట్: ఈ నాలుగింటితో వచ్చే తేడా ముందు అనుభవించి, తర్వాత టర్బో మాట ఆలోచించాలి. రేస్ ట్రాక్ మీదికి వెళ్లేవాళ్లు తల వెనక రోల్ బార్ వేయించుకోవడం మాత్రం తప్పనిసరి. అమెరికాలో ఇవే కార్లతో, దాదాపు ఒకేలాంటి భాగాలతో నడిచే స్పెక్ మియాటా పోటీల్లో గెలుపు ఎక్కువగా డ్రైవరు చేతుల్లోనే ఉంటుంది.

విప్పిన అసలు భాగాలను పారేయకూడదు. కంపెనీ ఇచ్చినట్టే ఉన్న కార్లు తగ్గేకొద్దీ వాటికి గిరాకీ పెరుగుతోంది. 2018లో మజ్దాయే జపాన్‌లో తొలి తరం కార్లను పునరుద్ధరించే సేవ మొదలుపెట్టి, గుడ్డ టాపు, నార్డి కలప స్టీరింగ్ లాంటి ఆగిపోయిన భాగాలను మళ్లీ చేయించింది. బ్రిడ్జ్‌స్టోన్ కంపెనీ, అప్పటి 14 అంగుళాల చక్రాలకు సరిపోయేలా, అప్పటి గీతలతోనే టైరు పోసి ఇచ్చింది.