నశించెననుకొన్న ప్రాణి

సామెతల గ్రంథము 30వ అధ్యాయములో భూమిమీద మిక్కిలి చిన్నవైనను జ్ఞానముగల నాలుగు ప్రాణులను గూర్చి చదువుచున్నాము. వాటిలో బల్లి ఒకటి. మన ఇండ్లలో చీపురుతో తరిమివేయబడు ప్రాణికి పరిశుద్ధ గ్రంథములో చోటు దొరికినది! బల్లుల వంశమునకు చెందిన ఒక పెద్ద ప్రాణిని గూర్చి ఈ నెల మా పాఠక కుటుంబములకు తెలియజేయగోరుచున్నాము.

కరీబియన్ సముద్రములో జమైకా అను ద్వీపమున్నది. జమైకా ఇగ్వానా అను ప్రాణికి ఆ ద్వీపమే స్వస్థలము. లోకములో మరి ఏ అడవిలోను అది లేదు. చూపునకు మన ఉడుమును పోలియుండును గాని, ముఖ్యముగా ఆకులు, పువ్వులు, పండ్లు తిని బ్రతుకును. తిన్న పండ్ల గింజలను అడవిలో వెదజల్లి క్రొత్త మొక్కలు మొలచుటకు సాయపడును.

ఒకప్పుడు ఇవి ఆ ద్వీపపు దక్షిణ తీరమున విరివిగా ఉండెడివి. 1872లో ఎస్పూట్ అను చెరకు తోటల యజమాని, ఎలుకల బాధ తీర్చుకొనుటకు, మన ఇండియానుండి తొమ్మిది ముంగిసలను తెప్పించెను. చెరకు పండించు మన రైతులకు ఆ బాధ ఎటువంటిదో తెలియును గదా! మొదట ఎలుకలు తగ్గినవి. అందరు సంతోషించిరి. కాని ఎలుక తిరిగేది రాత్రి, ముంగిస తిరిగేది పగలు. ముంగిసలు విస్తరించి నేలమీద గూడు పెట్టు పక్షులను, బల్లులను, వాటి గ్రుడ్లను, పిల్లలను తినసాగెను. వీటికి కుక్కలు, పిల్లులు తోడైనవి. బొగ్గులు కాల్చుటకు అడవి నరకబడెను. 1940ల నాటికి ఇగ్వానా జాతి అంతరించెనని శాస్త్రజ్ఞులు తలంచిరి.

అయితే 1990లో ఒక సంగతి జరిగెను. కింగ్‌స్టన్ నగరమునకు సమీపముననున్న హెల్‌షైర్ కొండలలో ఎడ్విన్ డఫస్ అను అడవిపందుల వేటగానికి, అతని కుక్క మూలముగా, ఒక ఇగ్వానా దొరికెను. అతడు దానిని చంపలేదు. ప్రాణముతోనే కింగ్‌స్టన్‌లోని హోప్ జూకు తెచ్చి అప్పగించెను. పండితులు ఆశ వదలుకొన్న జాతిని ఒక సామాన్యుడు లోకమునకు తిరిగి చూపించెను!

ఆ కొండలలో వెదకగా, నూరుకు మించని ఇగ్వానాలు మిగిలియున్నట్లు తెలిసెను. పదునైన సున్నపురాళ్ల మధ్య, అవి గ్రుడ్లు పెట్టుటకు మట్టి ఉన్నట్టి చోట్లు రెండు మాత్రమే కనబడెను. పెద్దవాటిని ముంగిస చంపలేదు గాని, పిల్లలను బ్రతుకనీయదు. యౌవనులందరు వెళ్లిపోయి వృద్ధులే మిగిలిన పల్లెవలె ఉండెను ఆ అడవి.

అప్పటినుండి ప్రతి సంవత్సరము గ్రుడ్లనుండి వెలువడిన పిల్లలలో కొన్నిటిని హోప్ జూకు తెచ్చి, ముంగిసకు చిక్కనంత పెద్దవగువరకు కొన్ని సంవత్సరములు పెంచి, తిరిగి అడవిలో విడుచుచున్నారు. గ్రుడ్లు పెట్టు చోట్ల చుట్టు ముంగిసలకు బోనులు పెట్టుచున్నారు. ఈలాగు విడువబడినవి ఐదు వందలకు పైగా ఉన్నవి. అయినను ప్రమాదము తొలగిపోలేదు. ఆ తీరముననున్న గోట్ దీవులలో పెద్ద ఓడరేవు కట్టవలెనన్న ప్రయత్నము 2013లో బయలుదేరి, 2016లో విరమింపబడెను.

ప్రియులారా, తొమ్మిది ముంగిసలను ఓడనుండి దింపుటకు ఒక్క దినము చాలెను. ఆ నష్టమును సరిచేయుటకు ముప్పది సంవత్సరములకు పైగా పాటుపడినను పని ముగియలేదు. దేవుడు ఆదామును తోటలో ఉంచినది సేద్యము చేయుటకు మాత్రమే కాదు, కాపాడుటకును గదా! కాపాడుట ఒక దినపు పని కాదు.

మన పొలము గట్లమీద ఉడుములు, తొండలు నేటికిని ఉన్నవి. ఉడుమును వేటాడుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. తొండను రాళ్లతో కొట్టి ఆడుకొను పిల్లలను చూచినప్పుడు తల్లిదండ్రులు మౌనముగా ఉండక, అదియు దేవుని చేతిపనియే అని నేర్పవలెను. నోవహుతో చేసిన నిబంధనలో దేవుడు సమస్త జీవరాసులను చేర్చెను. ఆయన లెక్కలోనున్న వాటిని మనము చులకన చేయకుందుము గాక.