విషమయుగ్మజం

సికిల్‌సెల్ పరీక్ష కార్డులో 'వాహకులు' అని కనిపిస్తే చాలామంది జబ్బే వచ్చిందని బెంబేలెత్తుతారు. కానీ అది జబ్బు కాదు. ప్రతి జన్యువూ మనకు దాదాపుగా జంటగానే వస్తుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. రెండూ ఒకే రకమైతే సమయుగ్మజం, వేర్వేరైతే విషమయుగ్మజం. (పేరులో 'విషమం' చూసి హడలిపోకండి, సమం కానిదని మాత్రమే అర్థం.)

హిమోగ్లోబిన్ తయారీలో పాలుపంచుకునే బీటా గ్లోబిన్ జన్యువునే తీసుకోండి. దాని రెండు ప్రతుల్లోనూ సికిల్‌సెల్ మార్పుంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. భరించలేని నొప్పులు, రక్తహీనత. ఒక్కదానిలోనే ఉంటే, అంటే విషమయుగ్మజమైతే, రెండోది పని నెట్టుకొస్తుంది. వాహకులంటే వీళ్లే. పైగా తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ కూడా! 1954లో తూర్పు ఆఫ్రికా పరిశోధనతో ఆంథొనీ అల్లిసన్ చెప్పిందిదే. మలేరియా ప్రాంతాల్లో ఈ మార్పు తరతరాలుగా నిలిచిపోయింది అందుకే.

2023 జులైలో కేంద్రం ప్రారంభించిన సికిల్‌సెల్ నిర్మూలన మిషన్‌లో రెండు తెలుగు రాష్ట్రాల గిరిజన ప్రాంతాలూ ఉన్నాయి. దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. పెళ్లిమాటలప్పుడు జాతకాలు ఎలాగూ చూస్తారు, ఈ పరీక్ష కార్డులు కూడా పక్కపక్కన పెట్టి చూసుకోండి.